డేటా కోటా రోజు లెక్కన వద్దు, నెల లెక్కన ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను దేవరకొండలో ఉంటాను. చిన్న వ్యాపారుల జీఎస్టీ లెక్కలు చూసే అకౌంటెంట్‌ని. కిరాణా కొట్లు, ఎరువుల దుకాణాలు, సిమెంటు, ఐరన్ షాపులు నా ఖాతాదారులు. కొండమల్లేపల్లి, చింతపల్లి, డిండి మొదలుకొని అచ్చంపేట దాకా ఉన్నారు. వాళ్లు బిల్లులు పట్టుకుని నా దగ్గరికి రారు, నేనే వెళ్లాలి. భుజానికి లాప్‌టాప్ బ్యాగు, చేతిలో ఫోను, ఆ ఫోన్‌లో హాట్‌స్పాట్. నా ఆఫీసు ఇంతే. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరులో మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో నాకు జీరో టికెట్. కాబట్టి ఊళ్లు తిరగడంలో ఇప్పుడు నాకు తగిలే ఖర్చు డేటాదే. దాని గురించే ఈ ఉత్తరం.

మన ప్రీపెయిడ్ ప్లాన్లు చాలావరకు రోజు లెక్కన ఉంటాయి. రోజుకు ఒకటిన్నర జీబీ, లేదంటే రెండు జీబీ. రాత్రి పన్నెండు దాటితే ఆ రోజు మిగిలింది పోయినట్టే. ఫోన్‌లో వీడియోలు చూసుకునేవాళ్లకు ఇది బాగానే ఉంటుందేమో, లాప్‌టాప్ మీద బతికేవాళ్ల పని రోజూ ఒకే కొలతలో ఉండదు. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకు 11వ తేదీ జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు) గడువు, 20వ తేదీ జీఎస్టీఆర్-3బీ (నెల మొత్తం పన్ను లెక్క) గడువు. ఆ తేదీల ముందు నాకు ఊపిరాడదు. 20 దాటాక ఇంట్లో వైఫై దగ్గరే కూర్చుంటాను, ఫోన్ డేటాతో పని పెద్దగా పడదు. అంటే అవసరం లేని రోజు జీబీలు మురిగిపోతాయి, అవసరం పడ్డ రోజు మధ్యాహ్నం భోజనాల వేళకే కోటా అయిపోయిందని మెసేజ్ వస్తుంది.

కోటా అయిపోతే నెట్ ఆగదు, స్పీడు 64 కేబీపీఎస్‌కు తగ్గుతుందంతే అని కంపెనీలు అంటాయి. ఆ 64 అంటే సెకనుకు 8 కిలోబైట్లు. ఐదు ఎంబీల పీడీఎఫ్ ఒకటి దిగడానికి పది నిమిషాల పైనే పడుతుంది. అటు జీఎస్టీ పోర్టల్ చూస్తే పదిహేను నిమిషాలు ఏమీ కదపకపోతే లాగౌట్ చేసేస్తుంది. మళ్లీ లాగిన్ అవ్వాలి, కాప్చా బొమ్మ రాదు. ఎలాగో లోపలికి వెళ్లి ఓటీపీ దాకా వస్తే, సేటు ఫోన్ చూసుకుని నంబర్ చెప్పేలోగా ఇటు పేజీ తిరుగుతూనే ఉంటుంది. "మేడం, ఇంకా కాలేదా? ఫైన్ పడ్తదా ఏంది?" అని ఆయన టెన్షన్ ఆయనది. పడుతుంది మరి. ఆలస్య రుసుము రోజుకు 50 రూపాయలు, లావాదేవీలే లేని నిల్ రిటర్న్ అయినా 20 రూపాయలు. అందుకని మారుమాట లేకుండా బూస్టర్ ప్యాక్ వేసుకుంటాం. ఇరవై, పాతిక రూపాయలకు ఒక జీబీ వస్తుంది, చాలా ప్యాకులకు గడువు కూడా ఆ ఒక్క రోజే.

రోజుకు ఒకటిన్నర చొప్పున 28 రోజులకు 42 జీబీ. నా పనికి ఆ 42 జీబీ బాగా సరిపోతుంది, మిగులుతుంది కూడా. డబ్బు కట్టిన డేటా ఒకపక్క ఖాళీగా పోతుంటే, అదే కంపెనీ దగ్గర అదే డేటా మళ్లీ కొనుక్కోవాల్సి వస్తోంది. రేషన్ షాపులో సన్నబియ్యం మనిషికి నెలకు 6 కిలోలు ఇస్తున్నారు. రోజుకు 200 గ్రాములే తీసుకో, ఈ రోజు వండుకోకపోతే రేపటికి ఆ బియ్యం నీది కాదు అని డీలరు అంటే ఊరుకుంటామా?

"కొంచెం చూసుకుని వాడొచ్చుగా" అని మా ఇంట్లోనే అన్నారు. చూసుకునే వాడుతున్నాను. హాట్‌స్పాట్ లాప్‌టాప్‌కు మామూలు వైఫైలాగే కనిపిస్తుంది, అది లెక్కపెట్టుకుని వాడే డేటా అని దానికి తెలియదు. అందుకే విండోస్ అప్‌డేట్లు వెనకాల దిగిపోతుంటాయి, వన్‌డ్రైవ్ ఫోటోలను పైకి ఎక్కిస్తుంటుంది. నాలాగా తిరిగేవాళ్లు ఒక పని చేయండి. వైఫై సెట్టింగ్స్‌లో ఆ హాట్‌స్పాట్ పేరు నొక్కి 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ చేస్తే ఈ వెనకటి వాడకం చాలావరకు ఆగుతుంది. వైఫైకి బదులు యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే ఇంకా మంచిది. బస్సులో ఎండకు ఫోన్ కాలిపోకుండా ఉంటుంది, లాప్‌టాప్ నుంచే ఛార్జింగ్ కూడా ఎక్కుతుంది. జీఎస్టీ వాళ్ల ఆఫ్‌లైన్ టూల్ ఉంది కాబట్టి సేల్స్ ఎంట్రీలన్నీ నెట్ లేకుండానే కొట్టుకుని, ఫైలు తయారుచేసుకుని, సిగ్నల్ ఉన్నచోట ఒకేసారి అప్‌లోడ్ చేస్తాను. ఇన్ని చేసినా గడువు రోజుల్లో ఒకటిన్నర జీబీ సరిపోదు. (మన్ననూరు దాటి శ్రీశైలం రోడ్డులో అడవిలోకి వెళ్తే సిగ్నలే ఉండదు. అక్కడ మాత్రం కోటా గొడవ లేదు.)

డాంగిల్ (లాప్‌టాప్‌కు నెట్ ఇచ్చే చిన్న పరికరం) కొనుక్కోమని ఇంకో సలహా. డాంగిల్‌లో వేసేదీ సిమ్మే, దానికి మరో రీఛార్జి. 5జీ అన్‌లిమిటెడ్ ఉంది కదా అంటారు. అది 5జీ సిగ్నల్ ఉన్నంతసేపే. బస్సు పట్టణం దాటి ఫోన్ 4జీలోకి దిగగానే రోజు కోటా లెక్క మొదలవుతుంది. పైగా ఆ సౌకర్యం ఎక్కువగా రోజుకు రెండు జీబీ, ఆపై ప్లాన్లకే ఇస్తున్నారు. రోజు పరిమితి లేని ప్రీపెయిడ్ ప్లాన్లు కూడా అక్కడక్కడా ఉన్నాయి గానీ, దాదాపు అదే డబ్బుకు మొత్తం డేటా బాగా తగ్గించి ఇస్తారు.

మిగిలిన డేటాను పోగొట్టకుండా ఇవ్వడం సాంకేతికంగా కుదరదని ఎవరూ చెప్పలేరు. పోస్ట్‌పెయిడ్‌లో మిగిలిన డేటాను వచ్చే నెలకు కలిపే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. నెలాఖరున బిల్లు కట్టేవాడికి ఇచ్చే ఈ మర్యాద, ముందే డబ్బు కట్టేసే మాకు ఎందుకు దక్కదు? టారిఫ్‌లను కంపెనీలకే వదిలేశామని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అంటుంది. అన్నిసార్లూ వదిలేయలేదు. 28 రోజుల ప్లాన్లతో ఏడాదికి పదమూడు రీఛార్జీలు అవుతున్నాయని జనం మొత్తుకుంటే, 30 రోజుల గడువుతో ఒక ప్లాను, ప్రతి నెలా అదే తేదీకి వేసుకునే ప్లాను ఒకటి తప్పకుండా ఉంచాలని 2022 జనవరిలో ఆదేశించింది. నెట్ అక్కర్లేనివాళ్లకు మాటలకూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే పనికొచ్చే ప్యాకులు ఇవ్వాలని 2024 డిసెంబరులో చెప్పింది. డేటా అక్కర్లేని వాళ్ల మాట విన్నారు, సంతోషం. డేటాతోనే పొట్ట పోసుకునేవాళ్ల మాట కూడా వినాలి. రోజు కోటా ప్లాను ధరకే, అంతే డేటాను రోజు పరిమితి లేకుండా మొత్తంగా వాడుకునే ప్లాను ప్రతి కంపెనీ ఒక్కటైనా పెట్టాలి. గడువులోగా మళ్లీ రీఛార్జి చేస్తే మిగిలిన డేటా అందులో కలవాలి. నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఎంపీలు ఈ మాట ఢిల్లీలో అడగాలని కోరుతున్నాను.

మన దగ్గరే అయ్యే పని కూడా ఒకటుంది. రైల్వే స్టేషన్లలో రైల్‌టెల్ వైఫై మొదటి అరగంట ఉచితం, తర్వాత వాడాలంటే 2021లో పెట్టిన ప్లాన్ల ప్రకారం 10 రూపాయలకు 5 జీబీ. మా దేవరకొండకు రైలు లేదు. గద్వాల–మాచర్ల లైను మాట వినడమే గానీ పట్టాలు చూసింది లేదు. మాకు ఉన్నది బస్టాండే. అక్కడ టీ కొట్టు నడిపే మనిషైనా లైసెన్సు అక్కర్లేకుండా వైఫై అమ్ముకునే పీఎం-వాణి పథకానికి కేంద్రం 2020 డిసెంబరులోనే అనుమతి ఇచ్చింది. అలా అమ్మేవాళ్లకు బ్రాడ్‌బ్యాండ్‌ను ఇంటి కనెక్షన్ ధరకు రెట్టింపు మించకుండా ఇవ్వాలని 2025 జూన్‌లో ట్రాయ్ తేల్చింది. దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట బస్టాండ్లలో ఆర్టీసీ వాళ్లు స్టాళ్లకు టెండరు పిలిచేటప్పుడు ఒక స్టాలుకైనా పీఎం-వాణి వైఫై అమ్మాలన్న షరతు పెట్టవచ్చు. దాంతోపాటు పనిచేసే ప్లగ్ పాయింటు ఒకటి, పక్కన బెంచీ ఉంటే చాలు, వచ్చే 20వ తేదీకి మొదటి గిరాకీ నేనే.

— ఒక అకౌంటెంట్,
దేవరకొండ, నల్గొండ జిల్లా