తూకం మిషన్ సంగతి వదిలెయ్యవే

ప్రియమైన నేస్తానికి,

నిన్న నీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. "రెండు నెలలు నడిచాను, ఒక్క కేజీ తగ్గలేదు, ఇంక మానేస్తున్నా" అన్నావు. రాత్రిళ్ళు మెలకువ రాకుండా పడుకుంటున్నానని, మేడ మెట్లెక్కితే ఆయాసం రావట్లేదని కూడా మాటల మధ్యలో నువ్వే చెప్పావు. మరి వాటిని లెక్కలోకే తీసుకోలేదేం? అందుకే ఈ ఉత్తరం.

ఒళ్ళు గురించి మనిద్దరం చిన్నప్పటి నుంచీ మాటలు పడ్డవాళ్ళమే. ఏ పెళ్ళికి వెళ్ళినా "ఏమే, బాగా ఒళ్ళు చేశావు" అనడానికి ఒక పిన్నో అత్తయ్యో సిద్ధంగా ఉంటుంది. నేను ఎన్నేళ్ళు ఫోటోల్లో అందరి వెనకాలా నిలబడ్డానో నీకు తెలుసు. మా అమ్మాయి చిన్నప్పటి పుట్టినరోజు ఫోటోలు తీసి చూస్తే ఒక్కదాంట్లోనూ నేను పూర్తిగా కనపడను. ఆ రోజులు మళ్ళీ రావు కదే. తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

పోయిన ఏడాది అమ్మ బాత్రూంలో జారిపడింది. దెబ్బ పెద్దగా తగల్లేదు, కానీ లేపడం నా వల్ల కాలేదు. పక్కింటి అబ్బాయి వచ్చేదాకా అమ్మ తడిచీరతో అలాగే నేల మీద కూర్చుంది. సిగ్గుతో తల ఎత్తలేదు. ఆ పది నిమిషాలు నేను మర్చిపోలేను. ఆ రోజు నాకు సన్నటి నడుముతో ఏం పని? గట్టి కాళ్ళు, గట్టి వీపు ఉంటే చాలనిపించింది.

మర్నాడే గుంజీలు మొదలుపెట్టాను. మనకి బడిలో శిక్షగా తీయించేవాళ్ళే, అవే. మొదట కుర్చీ పట్టుకుని ఐదు. తరవాత చిన్న బియ్యం సంచి ఎత్తడం. వయసు మీద పడేకొద్దీ కండ కరుగుతుంది, పని చెబితేనే నిలుస్తుంది. బరువులు ఎత్తితే ఎముకలకీ మంచిది, మన వయసు ఆడవాళ్ళకి అది చాలా అవసరం. ఇప్పుడు 20 లీటర్ల నీళ్ళ క్యాన్ నేనే ఎత్తి పెడుతున్నా. తూకం మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

నీకు షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు కదా. నడుస్తుంటే కండరాలు రక్తంలోని షుగర్‌ని లాగేసుకుంటాయి, బరువు తగ్గినా తగ్గకపోయినా. అన్నం తిన్నాక పదిహేను నిమిషాలు నడిచినా తేడా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవమంటోంది. నువ్వు రోజూ అరగంట నడిచేదానివి, అంటే అంతకన్నా ఎక్కువే. దాన్ని పట్టుకుని "ఏం లాభం" అంటావేమే!

ఫిబ్రవరిలో అలిపిరి నుంచి కొండెక్కాను. 3,550 మెట్లు. గాలి గోపురం దాకా నిటారుగా ఉండి ప్రాణం తోడేశాయి. కూర్చున్నాను, మజ్జిగ తాగాను, మళ్ళీ లేచాను. నా అంత ఒళ్ళున్న ఒకావిడ మెట్టు మెట్టుకీ వంగి పసుపు కుంకుమ పెడుతూ ఎక్కుతోంది. ఆవిడని చూస్తూ ఎక్కేశాను. పైకి చేరాక ఫోటో తీయమని నేనే అడిగి ముందు నిలబడ్డాను. ఉత్తరంతో పాటు పంపుతున్నా, చూడు.

సంక్రాంతి అయ్యాక మళ్ళీ వెళ్దామనుకుంటున్నా. ఈసారి నువ్వూ రావాలి. మోకాళ్ళ పర్వతం దగ్గర ఎంతసేపు కావాలంటే అంతసేపు కూర్చుందాం. రేపు పొద్దున నడకకి వెళ్ళొచ్చి ఫోన్ చెయ్యి, అమ్మ కూడా నీతో మాట్లాడాలంటోంది.

నీ నేస్తం