అజాథయోప్రిన్‌కు ముందే జన్యు పరీక్ష చేయాలి

సంపాదకులకు నమస్కారం.

లూపస్ (శరీర రక్షణ వ్యవస్థ సొంత అవయవాల మీదే దాడి చేసే జబ్బు), పెద్దపేగు పూత వంటి జబ్బులకు దశాబ్దాలుగా వాడుతున్న అజాథయోప్రిన్ మాత్రను మొదలుపెట్టే ముందు ప్రతి రోగికీ ఎన్‌యూడీటీ15 జన్యు పరీక్ష చేయాలని, బెంగళూరు ప్రభుత్వ ఆసుపత్రులలో దానిని ఉచితంగా అందించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఈ మాత్ర శరీరంలోకి వెళ్లాక మెర్కాప్టోప్యూరిన్‌గానూ, ఆపై థయోగ్వానిన్ న్యూక్లియోటైడ్లుగానూ మారుతుంది. జబ్బును అదుపు చేసేవి ఆ చివరి పదార్థాలే. హద్దు మీరితే ఎముక మజ్జను దెబ్బతీసి, తెల్లరక్తకణాలను పడగొట్టి, రోగిని ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్ల పాలు చేసేవీ అవే. వాటిని నిర్వీర్యం చేసే ఎన్‌యూడీటీ15 ఎంజైము కొందరిలో పుట్టుకతోనే సరిగా పనిచేయదు. కొరియా పరిశోధకులు 2014లో వెల్లడించిన ఈ లోపం యూరప్ వారిలో అరుదు, మన దేశంతో సహా ఆసియా ప్రజలలో ఎక్కువ. కనుక పాశ్చాత్య దేశాలలో ముందునుంచీ చేస్తున్న, ఇదే మందును నిర్వీర్యం చేసే మరో ఎంజైమును చూసే టీపీఎంటీ పరీక్ష ఒక్కటే మనవాళ్లకు చాలదు.

లూపస్‌కు చూపించుకోవడానికి హిందూపురం నుంచి మా చిన్నమ్మ వచ్చి మా ఇంట్లో ఉంది. మాత్ర రాసి, నెల తర్వాత రమ్మన్నారు. మూడో వారంలో తల దువ్వుకుంటే దువ్వెన నిండా కుచ్చులు కుచ్చులుగా జుట్టు వస్తుంటే, మేమంతా బోరు నీళ్ల మీదికి నెపం నెట్టేశాం. ఈ లోపం ఉన్నవారిలో జుట్టు అలా ఊడిపోవడం తెల్లకణాలు పడిపోతున్నాయనడానికి తొలి సూచన అని మాకెవరూ చెప్పలేదు. నాలుగు రోజులకు 103 డిగ్రీల జ్వరం, నోరంతా పుండ్లు. నాలుగు వేలకు తగ్గకూడని తెల్లకణాలు రిపోర్టులో 900 ఉన్నాయి. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఆమె ప్రాణాలతో బయటపడింది. జన్యు పరీక్ష ఆ తర్వాత చేశారు.

మందును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. స్టెరాయిడ్ల మోతాదు తగ్గించుకోవడానికి ఎందరికో ఇదే ఆధారం, ఎవరూ తమంతట తాము మానేయకూడదు కూడా. జన్యువును బట్టి మోతాదు ఎంత తగ్గించాలో, ఎవరికి అసలు ఇవ్వకూడదో చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకాలు ఉన్నాయి. జీవితంలో ఒక్కసారి చేస్తే చాలిన పరీక్ష ఇది. గౌట్‌కు (యూరిక్ ఆమ్లం పేరుకుని వచ్చే కీళ్ల జబ్బుకు) వాడే అల్లోప్యూరినాల్ తోడైనా ఇదే ప్రమాదం ఉంది కాబట్టి, ఇంకేం మందులు వాడుతున్నారని మందుల షాపులో కూడా అడగాలి.

జన్యు పరీక్షలో తేడా లేకపోయినా మొదటి వారాల్లో తరచుగా రక్తకణాల లెక్క చూడవలసిందే. అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చి, మాత్రలు తీసుకుని రాత్రి బస్సుకు తిరిగి వెళ్లేవారికి ఆ తేదీలను, జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకూడదన్న మాటను తెలుగులో రాసిన చీటీ చేతికివ్వాలని ఆసుపత్రుల అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, కె.ఆర్. పురం, బెంగళూరు