కలివికోడి వివరాలు ఎవరి బీరువాలో ఉన్నాయి?

సంపాదకుల వారికి,

కలివికోడి అనే అరుదైన పిట్ట మీద మీరు ఈమధ్య వేసిన కథనం చదివాను. బొమ్మ బాగుంది. ‘అన్వేషణ కొనసాగుతోంది’ అన్న ముక్క మాత్రం లంకమల అడవి చుట్టుపక్కల ఊళ్లవాళ్లం ఏళ్లుగా వింటున్నదే. ఎక్కడ వెతికారో, ఏమి దొరికిందో, ఏమి దొరకలేదో అటవీ శాఖ వాళ్లు మా పంచాయతీకి ఒక్కసారైనా చెప్పిన పాపాన పోలేదు.

1900 తర్వాత కనబడక అంతరించిందనుకున్న ఈ పిట్ట 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికిందంటే, అది ఈ ప్రాంతపు వేటగాడి చలవే. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు అడిగారు, జనం చెప్పారు. రాత్రిపూట తిరిగే పిట్ట కాబట్టి తర్వాత పొదల మధ్య సన్నమట్టి పరిచి, తెల్లారాక అడుగుల గుర్తులు వెతికారు. వెనక వేలు లేని, మూడు వేళ్ల అడుగు అది. ఇంత కష్టపడి పోగేసిన వివరాలు బీరువాల్లో ఉండిపోతే ఏమవుతుందో 2005లో చూశాం. తెలుగుగంగ కాలువ తవ్వే యంత్రాలు నేరుగా ఆ పొదల్లోకే దిగాయి. గగ్గోలు పుట్టాక గానీ కాలువ దారి మారలేదు.

ఇక జీవవైవిధ్య రిజిస్టర్ వైభోగం. ఊళ్లో ఉన్న చెట్టూ చేమా, పిట్టా చేపా వివరాలను 2002 నాటి చట్టం ప్రకారం ఊరివాళ్లను అడిగి రాయవలసిన పుస్తకం అది. హరిత ట్రైబ్యునల్ 2020 జనవరి గడువు పెట్టి, దాటితే రాష్ట్రం నెలకు 10 లక్షలు కట్టాలనేసరికి అందరికీ ప్రకృతి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. మా పంచాయతీ పుస్తకం తీయించి చూశాను. పక్షుల పేజీలో కాకి, పిచ్చుక, పావురం, నెమలి, మళ్లీ కాకి. అభయారణ్యం అంచున ఉన్న ఊరికి కలివికోడి లేదు. చేపల పేజీలో మాత్రం వంజరం ఉంది! సముద్రం మా ఊరికి ఎప్పుడు వచ్చి వెళ్లిందో సంతకాలు పెట్టిన పెద్దలే చెప్పాలి. ఈ రోజుల్లో ఏ పథకమైనా ఇంతే: పని జరిగినా జరగకపోయినా ఫోటో పైకి వెళ్తే చాలు.

సర్వే వివరాలు అడిగితే అటవీ శాఖ వాళ్లు ‘వేటగాళ్లకు తెలిసిపోతుంది, రహస్యం’ అంటారు. సబబే. ఫలానా పొద చూపించమని ఎవరూ అనడం లేదు. అడవిలో ఏ బీటులో ఏ ఏడాది వెతికారు, ఎన్ని రాత్రులు కెమెరాలు పెట్టారు, కూత వినబడిందా లేదా, ఇవి చెబితే కొంప మునుగుతుందా? ఎర్రచందనం దొంగలకు అడవిలో తెలియని దారి లేదు. రోజూ ఆ పొదల్లో మేకలు తోలే మనిషికి మాత్రం, పిట్ట కనబడితే ఎవరికి చెప్పాలో తెలియదు. ఒక ఫోను నంబరు గోడ మీద రాయించడానికి కూడా కేంద్ర నిధులే రావాలేమో!

అటవీ శాఖ ఇప్పటిదాకా చేసిన సర్వేల సారాంశాన్ని తెలుగులో పంచాయతీలకు పంపాలి. వచ్చే గ్రామసభలో ఆ రిజిస్టర్‌ను పేజీపేజీ చదివి వినిపించి, అందరి ముందూ దిద్దాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సిద్ధవటం మండలం, వైఎస్సార్ కడప జిల్లా