సోమవారం నుంచి షవర్లు తెరుస్తున్నాం, ఒక గది తప్ప

జిమ్‌లో షవర్లు మూసి ఇవాళ్టికి 23 రోజులు. తలుపుకు అంటించిన కాగితం మీద మొదట వారం అని రాశాను. దాన్ని కొట్టేసి పది రోజులు అన్నాను. ఆ తర్వాత తేదీ రాయడమే మానేశాను. పొద్దున్నే వర్కవుట్ ముగించి ఇక్కడే స్నానం చేసి ఆఫీసుకు వెళ్లేవాళ్లు టవల్ భుజాన వేసుకుని రావడం, ఆ కాగితం చదవడం, నా మొహం చూడకుండా వెళ్లిపోవడం రోజూ చూస్తూనే ఉన్నాను. మీలో చాలామంది జిమ్ తెరిచిన మొదటి నెల నుంచీ ఉన్నారు. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

ముందు, చెప్పడానికి కష్టంగా ఉన్న సంగతి. ఆ టైల్స్ వేసింది నేనే. జిమ్ పెట్టకముందు ఎనిమిదేళ్లు నాది టైల్స్ పనే. కొత్తగా చేరడానికి వచ్చినవాళ్లకు మెషీన్ల కంటే ముందు షవర్ గోడలే చూపించేవాణ్ణి. గీత గీసినట్టున్న ఆ జాయింట్లు చూసి ఎవరైనా "ఎవరు వేశారండీ?" అని అడిగితే ఆ రోజంతా హుషారుగా ఉండేది.

షవర్ల వెనకే ఉన్న లాకర్ గది గోడకు పెయింట్ పొక్కులు లేవడంతో అనుమానం వచ్చింది. పైపు లీకేమో అనుకున్నాను. ప్లంబర్ ప్రెషర్ పెట్టి చూస్తే పైపులన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు నాణెం తీసుకుని టైల్స్ మీద ఒక్కొక్కటిగా కొట్టుకుంటూ వచ్చాను. నడుం ఎత్తు దాకా అన్నీ డొల్లగా మోగాయి. ఒకటి పెకలిస్తే వెనకున్న జిప్సం బోర్డులోకి, తడిసిన అట్టలోకి దిగినట్టు, వేలు దిగబడిపోయింది.

కారణం నాకు తెలుసు. చెక్కే పని లేకుండానే తెలుసు. టైల్ గుండా నీళ్లు పెద్దగా పోవు, కానీ మధ్యలో నింపే సిమెంట్ గ్రౌట్ నీళ్లు తాగుతుంది. నీటిని ఆపాల్సింది టైల్స్ కింద వేసే వాటర్‌ప్రూఫ్ కోటింగ్. తెరిచే తేదీ దగ్గర పడిందని దాన్ని వదిలేశాను. పచ్చ రంగు జిప్సం బోర్డు తేమను తట్టుకుంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. తేమను తట్టుకోవడం వేరు, రోజంతా నీళ్లు కొట్టించుకోవడం వేరు. పైగా రెండు గోడలు కలిసే మూలల్లో సాగే సిలికాన్ పెట్టాల్సిన చోట కూడా గ్రౌటే కూరాను, చూడ్డానికి బాగుంటుందని. గోడలు కాస్త కదిలినా అక్కడ వెంట్రుకంత పగులు వస్తుంది. వచ్చింది.

ఇక మళ్లీ టైల్సా, గోడకు పెద్ద షీట్లుగా బిగించే ప్యానెల్సా? దీని మీద నేను పడ్డ టెన్షన్ మా ఆవిడకు తెలుసు. ప్యానెల్స్ అంటే ఎప్పుడూ నవ్వేవాణ్ణి. పని రానివాళ్లు గోడకు కప్పే దుప్పటి అనేవాణ్ణి. టైల్‌కు అంత తేలిగ్గా గీత పడదు, వేడికి ఏమీ కాదు, ఒకటి పగిలితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. ప్యానెల్ దెబ్బతింటే షీటు మొత్తం పీకాలి.

నా పట్టు సడలించింది షవర్లు కడిగే అక్క. "అన్నా, టైల్స్‌తో నాకు ఇబ్బంది లేదు, మధ్యలో గీతలే నా ప్రాణం తీస్తున్నాయి" అని వాడి వాడి అరిగిపోయిన టూత్‌బ్రష్ చూపించింది. ఇంట్లో బాత్రూం అయితే మధ్యాహ్నానికి ఆరుతుంది. మన షవర్లు పొద్దున ఐదు నుంచి రాత్రి దాకా తడే. ఆ గ్రౌట్ ఆరిన రోజు లేదు, నల్లబూజు వదిలిన రోజూ లేదు.

అయినా మాట మీద నమ్మకం లేక మూడు రకాల ప్యానెల్ ముక్కలు తెచ్చి బకెట్ నీళ్లలో ఆరు రోజులు నానబెట్టాను. డొల్లగా ఉండే పీవీసీ ముక్కకు నీళ్లు ఏమీ చేయలేదు, కానీ బొటనవేలితో నొక్కితే వంగింది. జిమ్‌లో ఎవరి మోచేయి ఎంత గట్టిగా తగులుతుందో చెప్పలేం. పైన లామినేట్, లోపల ఎండీఎఫ్ (చెక్కపొడిని అదిమి చేసే బోర్డు) ఉన్న ముక్క ముఖం మెరుస్తూనే ఉంది, కోసిన అంచు మాత్రం పొట్ట ఉబ్బినట్టు ఉబ్బింది. మూడోది లోపలిదాకా ఒకటే పదార్థంగా ఉండే కాంపాక్ట్ లామినేట్. అది ఎలా వేశానో అలాగే బయటికొచ్చింది. దాన్నే తీసుకున్నాను. 10 మిల్లీమీటర్ల మందం, 2400 ఎత్తు, 1200 వెడల్పు. ఒక్కో షీటు 40 కిలోల దాకా ఉంటుంది. సాయంత్రం బ్యాచ్‌లో డెడ్‌లిఫ్ట్ చేసే కుర్రాళ్లు మాటైనా ఆడకుండా లోపలికి మోసిపెట్టారు. వాళ్లకు థాంక్స్.

ఆ తర్వాతి ఆలస్యం మాత్రం నా వల్ల కాదు. షీట్లు చెప్పిన రోజుకే వచ్చాయి. వాటితో వచ్చిన అల్యూమినియం కార్నర్ ప్రొఫైల్స్, అంటే మూలల్లో షీటు అంచులు దూర్చే పట్టీలు, 6 మిల్లీమీటర్ల షీట్లవి. 10 మిల్లీమీటర్ల అంచు అందులోకి ఎలా దూరుతుంది? షీట్లు అమ్మినాయనకు ఫోన్ చేస్తే రేపు పంపుతాం అన్నారు. మర్నాడు మళ్లీ రేపన్నారు. మూడో రోజు ఆయన ఇచ్చిన సలహా ఇది: "ప్రొఫైల్ లేకుండా సిలికాన్ దట్టంగా కొట్టేయండి సార్, ఎవరికీ కనపడదు." ఆ మాటకు నాకు పట్టరాని కోపం వచ్చింది. కోపం ఆయన మీదో నా మీదో ఇప్పటికీ తెలియదు. ఆరేళ్ల క్రితం కోటింగ్ వదిలేసినప్పుడు నేను అనుకున్నదీ అక్షరాలా అదే. సరైన ప్రొఫైల్స్ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. నాలుగో గదికి వచ్చిన షీట్లలో ఒకదాని మూల విరిగి ఉంటే అదీ వెనక్కి పంపేశాను. ఎలాగూ కోసేస్తారు కదా అన్నాడు. కోసేది ఆ మూల కాదు. ఇక ఆయన దగ్గర కొనేది లేదు.

అందుకే సోమవారం మూడు గదులే తెరుస్తున్నాను. తడిసిన బోర్డంతా పీకి సిమెంట్ బోర్డు వేశాం. షీట్లు గది వాతావరణానికి అలవాటు పడాలని, బిగించే ముందు రెండు రోజులు ఆ గదుల్లోనే పడుకోబెట్టి ఉంచాం. కింద కొద్దిగా సందు వదిలి సిలికాన్‌తో నింపాం. అది ఆరడానికి ఒక రోజు చాలంటారు, నేను రెండు రోజులిచ్చాను. ఆరు నెలలకోసారి జాయింట్లన్నీ నేనే చూస్తాను.

నాలుగో గదికి టైల్సే. కోటింగ్ రెండు పూతలు, మూలల్లో టేపు, నీళ్లు తాగని ఎపాక్సీ గ్రౌట్. ఈసారి పద్ధతిగా, నా చేత్తోనే. మా ఆవిడ దీన్ని మొండితనం అంది. మొండితనమే. ఏడాది తర్వాత రెండూ చూసి మీరే చెప్పండి.

మీరు చేయాల్సింది కొంచెమే. ప్యానెల్స్ మీద స్టీలు పీచు, గరుకు పౌడర్ వాడకండి, గీతలు పడితే పోవు. గోడకు మేకులు, స్క్రూ హుక్కులు వద్దు, ఆ రంధ్రంలోంచి నీళ్లు వెనక్కి పోతాయి. పోయినేడాది టైల్‌కు హుక్కు బిగించినాయన ఎవరో చెప్పను, ఆయనకు తెలుసు. స్నానం అయ్యాక కూడా ఫ్యాన్ ఆపకండి. గాలి ఆడకపోతే ప్యానెల్ జాయింట్లకూ బూజు పడుతుంది. షవర్ లేని రోజులన్నీ అందరి మెంబర్‌షిప్‌కూ కలిపేశాను, ఎవరూ అడగక్కర్లేదు.

సోమవారం పొద్దున ఐదింటికే నీళ్లు వేడిగా ఉంటాయి. రెండో గదిలో వేడినీళ్ల కొళాయి ఇప్పుడు కుడివైపుకు మారింది, అలవాటుగా ఎడమది తిప్పితే చన్నీళ్లు పడతాయి.