మెదడులో యంత్రం, తాళం ఎవరి దగ్గర?

సంపాదకులకు నమస్కారం.

2024 జనవరిలో న్యూరాలింక్ సంస్థ మొదటిసారి ఒక మనిషి మెదడులో చిప్ అమర్చినప్పటి నుంచి ఇలాంటి వార్తలు వరసగా వస్తున్నాయి. ఆ యంత్రాల్లోకి బయటివాళ్లు చొరబడకుండా భద్రత ఏమిటన్న ఊసే వాటిలో ఉండటం లేదు.

మా అన్నయ్యకు పార్కిన్సన్స్, అంటే ఒళ్లు వణికే మెదడు జబ్బు. మెదడులో సన్నని తీగలు అమర్చి కరెంటుతో దాన్ని అదుపు చేసే డీబీఎస్ ఆపరేషన్ గురించి డాక్టర్లు ఓపిగ్గా చెప్పారు. ఇన్‌ఫెక్షన్, రక్తస్రావం, బ్యాటరీ మార్చడం, అన్నీ. "బయటివాళ్లెవరైనా దీని సెట్టింగులు మార్చగలరా?" అని అడిగితే మాత్రం, ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నారు. నాకు టెన్షన్ అక్కడే మొదలైంది.

తలపై తీగలు అంటించి చేసే ఈఈజీ పరీక్ష మెదడు తరంగాలను నమోదు చేస్తుంది. ఎఫ్‌ఎంఆర్‌ఐ స్కాన్ రక్తప్రసరణలో మార్పులను బట్టి ఏ భాగం పనిచేస్తోందో చూపిస్తుంది. పరీక్ష అవగానే లేచి ఇంటికొస్తాం. డీబీఎస్ అలా కాదు. ఛాతీ దగ్గర చర్మం కింద పెట్టిన పరికరం మెదడు లోపలికి కరెంటు పంపుతూనే ఉంటుంది. డాక్టరు దాన్ని బయటి నుంచి వైర్‌లెస్‌తో సరిచేస్తారు. మోతాదు తప్పితే మాట తడబడవచ్చు, మనిషి తీరే మారిపోవచ్చు.

ఊరికే చూసే యంత్రాల్నీ తేలిగ్గా తీసుకోలేం. తెలిసిన బొమ్మో అంకో కనబడితే మెదడులో ఒక ప్రత్యేక సంకేతం పుడుతుంది. దాని ఆధారంగా, మార్కెట్లో దొరికే ఈఈజీ హెడ్‌సెట్‌తోనే పిన్ నంబర్ల వంటి రహస్యాలను కొంతవరకు ఊహించవచ్చని 2012లోనే పరిశోధకులు చూపించారు. గుండె పరికరాల సంగతి సరేసరి. 2017లో అమెరికాలో భద్రతా లోపం వల్ల సుమారు 4,65,000 పేస్‌మేకర్లకు సాఫ్ట్‌వేర్ సరిచేయాల్సి వచ్చింది.

గట్టి తాళం వేస్తే సరిపోదా అంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది. రోగి స్పృహ తప్పి పడిపోతే, ముక్కూమొహం తెలియని డాక్టరు కూడా ఆ పరికరాన్ని వెంటనే ఆపగలగాలి. ఆయనకు తెరుచుకునేది దొంగకు తెరుచుకోకూడదు. ఇది తయారీదారు ఒక్కడే గదిలో కూర్చుని తేల్చే విషయం కాదు. రోగులూ డాక్టర్లూ భద్రతా నిపుణులూ కలిసి తేల్చాలి. కంపెనీ మూతబడితే అప్‌డేట్లు ఎవరిస్తారో అనుమతి ఇచ్చేముందే ప్రభుత్వాలు రాయించుకోవాలి.

ఇవన్నీ ఆపరేషన్ అంగీకార పత్రంలో ఉండాలి. వచ్చే నెల అన్నయ్య సంతకం పెట్టాలి. ఈ నాలుగు మాటలు అందులో చేర్చమని అడిగి వచ్చాం. ఇంకా జవాబు రాలేదు.

– ఒక పాఠకుడు