పాఠం ప్రసవం దగ్గరే ఆగిపోతోంది

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా జీవశాస్త్రం బోధించి ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం చెప్పిన ప్రతి ఏడూ నాకు ఒక వెలితి కనిపించేది. ఫలదీకరణ మొదలుకొని జరాయువు, నాభిరజ్జువు వరకు పటాలు గీయించి, భాగాలు గుర్తింపజేసి, ప్రసవంతో పాఠం ముగిస్తాం. ఆ పుట్టిన బిడ్డ ఎందుకు ఏడుస్తుందో, ఎలా ఎదుగుతుందో, దాని ఎదుగుదలకు పక్కనున్న మనిషి చేయవలసింది ఏమిటో విద్యార్థికి ఎవరూ చెప్పరు. శిశు వికాసాన్ని, శిశు పోషణను ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో అబ్బాయిలకూ అమ్మాయిలకూ కలిపి బోధించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఒకసారి ఈ పాఠం మధ్యలో ఒక అబ్బాయి లేచి, "టీచర్, మా అక్క కొడుకుకు మాడు మీద కొట్టుకుంటుంటది, ఎందుకు?" అని అడిగాడు. తరగతి నవ్వింది. పరీక్షలు దగ్గర పడ్డాయన్న తొందరలో నేను అది సిలబస్‌లో లేదని చెప్పి కూర్చోబెట్టాను. పుట్టేనాటికి పుర్రె ఎముకలు పూర్తిగా అతుక్కోవని, ప్రసవ సమయంలో తల ఇరుకు దారిలో ఒదిగి రావడానికీ ఆ తర్వాత మెదడు పెరగడానికీ ఆ సందు అవసరమని, మెత్తని చర్మం కింద నాడి కదలికే అలా కనిపిస్తుందని, సాధారణంగా ఏడాదిన్నర వచ్చేసరికి అది మూసుకుంటుందని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. అంతకంటే మంచి జీవశాస్త్ర ప్రశ్న ఆ ఏడాది నన్నెవరూ అడగలేదు. ఇంట్లో పెద్దవాళ్లు పనులకు వెళ్తే, బడి నుంచి వచ్చాక ఆ పసివాడిని చూసుకునేది ఈ అబ్బాయేనని తర్వాత తెలిసి చాలా బాధపడ్డాను.

పిల్లల పెంపకం పెళ్లయ్యాక తెలుసుకోవలసిన విషయమని మనం అనుకుంటాం. కానీ మన హైదరాబాద్ నగరంలో భవన నిర్మాణ పనులకో ఇళ్లలో పనికో వెళ్లే తల్లిదండ్రుల పిల్లలు పన్నెండు, పదమూడేళ్లకే తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ సాకుతున్నారు. బకెట్‌లో కొద్దిపాటి నీళ్లున్నా పాకే బిడ్డకు ప్రాణాపాయమని, ఏడుపు ఆపడం లేదన్న విసుగులో పసిబిడ్డను గట్టిగా కుదిపితే మెదడు దెబ్బతింటుందని, చంటిబిడ్డను వెల్లకిలా పడుకోబెట్టడమే క్షేమమని వాళ్లకు ఈరోజే తెలియాలి. చాలామంది పిల్లల్లో ఏడుపు పుట్టిన ఆరో వారం ప్రాంతంలో ఎక్కువై, మూడు నాలుగు నెలలకు తగ్గుతుందని తెలిసినవారికి ఆ సాయంత్రాలను ఓపికతో గడపడం కొంత తేలికవుతుంది.

పెద్దవాళ్లు నేర్పుతారు కదా అనే మాటను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. లాలిపాట, దోబూచి, బిడ్డ "ఊ" అంటే తిరిగి "ఊ" కొట్టడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నాయి. బిడ్డ చేసే శబ్దానికీ చూపుకూ పెద్దలు వెంటనే స్పందించే ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాల వల్లే భాషా, మెదడూ వికసిస్తాయని ఈనాటి శిశు వికాస శాస్త్రం కూడా చెబుతోంది. అదే ఇళ్లలో ముర్రుపాలు పిండి పారబోయడం, పుట్టగానే నాలుకకు తేనె రాయడం, ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే ఎత్తు మరుగుతాడని వదిలేయడం కూడా ఉన్నాయి. ముర్రుపాలు బిడ్డకు తొలి రక్షణ. ఏడాదిలోపు తేనె వల్ల బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. కొన్ని నెలల పసికందును ఎత్తుకుని ఊరడిస్తే చెడిపోయేదేమీ లేదు. పెద్దలు చెప్పినదాంట్లో ఏది నిలుపుకోవాలో, ఏది వదులుకోవాలో తేల్చుకునే తెలివిని బడి ఇవ్వాలి. పైగా ఊళ్లు వదిలి వచ్చి రెండు గదుల ఇళ్లలో కాపురం పెట్టిన ఎన్నో జంటలకు పక్కన చెప్పే పెద్దలే లేరు. పాల డబ్బాకూ సెల్‌ఫోన్‌కూ అక్కడ చోటు సులువుగా దొరుకుతోంది. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే చూపవద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఫోన్ చూపిస్తేనే ముద్ద మింగే పిల్లలు లేని అపార్ట్‌మెంటు ఇప్పుడు మన నగరంలో అరుదు.

మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 నాటి జాతీయ విద్యా విధానం చెబుతోంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ద్వారా అంగన్‌వాడీలు గర్భిణులకూ బాలింతలకూ ఈ విషయాలు చెబుతున్నాయి. అంటే తల్లి కాబోతున్నప్పుడో అయ్యాకో మాత్రమే ఈ జ్ఞానం అందుతోంది. తండ్రి కాబోయేవాడికి చెప్పే ఏర్పాటు ఎక్కడుంది? హోమ్ సైన్స్ ఉన్నచోట్ల కూడా అది ఆడపిల్లల సబ్జెక్టుగా మిగిలిపోయింది. నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతి ఇదే.

ఇలాంటి పాఠాలు చెబితే బాల్యవివాహాలకు దారి తీయదా అని కొందరు తల్లిదండ్రులు భయపడవచ్చు. ఆ భయంలో అర్థముంది కనుకనే పద్ధతిని జాగ్రత్తగా ఎంచుకోవాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలో టీనేజీ గర్భాలను తగ్గించాలని ఏడ్చే ఎలక్ట్రానిక్ బొమ్మలను బాలికలకిచ్చి సాకమన్నారు. ఆ బాలికల్లో గర్భాలు తగ్గకపోగా, మిగతావారికంటే ఎక్కువగా నమోదైనట్టు 2016లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన అధ్యయనం తేల్చింది. బొమ్మతో భయపెట్టాలని చూస్తే ఫలితం అలా ఉంది. కెనడాలో 1996లో మొదలైన 'రూట్స్ ఆఫ్ ఎంపతీ' అనే పాఠశాల కార్యక్రమం దారి వేరు. ఒక పసిబిడ్డ తల్లితోనో తండ్రితోనో ఏడాది పొడవునా తరగతికి వచ్చి వెళుతుంది, ఆ బిడ్డ ఎదగడాన్ని విద్యార్థులు కళ్లారా చూస్తారు.

మనకు అంతకంటే దగ్గర దారి ఉంది. చాలాచోట్ల అంగన్‌వాడీ కేంద్రం బడి ఆవరణలోనే నడుస్తోంది. వారానికి ఒక పీరియడ్, మార్కులూ పరీక్షా లేకుండా, నెలకొకసారి విద్యార్థులు అక్కడికి వెళ్లి పిల్లల బరువు తూచడం, మాతా శిశు సంరక్షణ కార్డులోని ఎదుగుదల రేఖను చదవడం, ఒక కథ చెప్పడం చేస్తే చాలు. ఉపాధ్యాయుల శిక్షణకు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, నిలోఫర్ ఆసుపత్రి వైద్యులు, సైఫాబాద్‌లోని కమ్యూనిటీ సైన్స్ (పూర్వపు గృహ విజ్ఞాన) కళాశాల అధ్యాపకులు ఈ నగరంలోనే ఉన్నారు. రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ వచ్చే విద్యా సంవత్సరంలో, అంగన్‌వాడీ ఒకే ఆవరణలో ఉన్న కొన్ని హైదరాబాద్ పాఠశాలల్లో తొమ్మిదో తరగతికి దీన్ని ప్రారంభించాలని, అబ్బాయిలకు మినహాయింపు ఇవ్వరాదని విజ్ఞప్తి చేస్తున్నాను.

భవదీయురాలు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
అంబర్‌పేట, హైదరాబాద్