కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2023–24

సభ్యులందరికీ నమస్కారం.

మంచినీళ్లు, చెత్త బండి, వీధి కుక్కల సంగతులు నెలనెలా నోటీసు బోర్డులో పెడుతూనే ఉన్నాం. వాటిని మళ్లీ ఏకరువు పెట్టను. ఈ ఏడాది సంఘానికి అసలు పరీక్ష సెప్టెంబరులో వచ్చింది.

వినాయక నిమజ్జనం, మిలాద్‌ ఉన్‌ నబీ రెండూ 28వ తేదీనే పడ్డాయి. హైదరాబాదులో మిలాద్ ఊరేగింపును అక్టోబరు 1కి వాయిదా వేసుకున్నారు కాబట్టి నగరం ఊపిరి పీల్చుకుంది. మన చిక్కు వేరు. మన విగ్రహం మసీదు సందులోంచే వెళ్లాలి, ఆ సందంతా పచ్చ తోరణాలు. విప్పమని మన కుర్రాళ్లు, పండగ పూట ఎందుకు విప్పాలని వాళ్లు. రెండూ న్యాయమైన మాటలే, తంటా అంతా అక్కడే.

24న, ఆదివారం, కమ్యూనిటీ హాల్లో రెండు వైపులవారినీ కూర్చోబెట్టాం. ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగ్గ పని ఇదే. లెక్కల మాస్టారు బోర్డు మీద సుద్దముక్కతో వివరించారు: హిజ్రీ ఏడాదికి సుమారు 354 రోజులు. మనం అధిక మాసం వేసి సర్దుకుంటాం, మొన్న అధిక శ్రావణం అలా వచ్చిందే. వాళ్లకు అధిక మాసం లేదు కనుక వాళ్ల పండగ ఏటా పదకొండు రోజులు ముందుకు జరిగి, 32, 33 ఏళ్లకు మళ్లీ మన భాద్రపదంలో కలుస్తుంది. “ఎవరి కుట్రా లేదు, చంద్రుడి లెక్క” అన్నారాయన. “అయితే వచ్చే ఏడాదీ పక్కపక్కనే వస్తాయి, మళ్లీ ఇక్కడే కూర్చోవాలి మాస్టారూ” అని మసీదు పెద్దాయన నవ్వారు.

తర్వాత మైకుల ప్రస్తావన వచ్చింది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదు, పగలైనా నివాస ప్రాంతంలో 55 డెసిబెళ్లు దాటకూడదు. నేను చదివి వినిపిస్తుంటే వెనక వరుసలో ఒక సభ్యురాలు లేచి, “మా అమ్మాయి పదో తరగతి. దాని చదువుకు ఏ మైకైనా ఒకటే. మీ తీర్మానాల పుస్తకంలో ఒక్క మసీదు పేరే ఎందుకుంది బాబాయిగారూ?” అని అడిగారు. పుస్తకం తిరగేశాను. మూడేళ్లలో నాలుగు చోట్ల అజాన్ గురించి నా చేతిరాతే ఉంది, మన మండపం డీజే గురించి ఒక్క ముక్క లేదు. ఏటా తొమ్మిది రోజులూ ఆ మండపంలో హారతి పట్టేవాణ్ని నేనే. జవాబు దొరకలేదు. కొత్త తీర్మానంలో రెండు పేర్లూ రాశాను.

నిమజ్జనం నాడు తోరణాలు విప్పలేదు. రెండు వైపుల కుర్రాళ్లూ వెదురు కర్రలతో వాటిని పైకెత్తి పట్టుకున్నారు. కిరీటానికి, తోరణానికి మధ్య జానెడు సందు. అంతా సవ్యంగా జరిగిందని మాత్రం అనను, మన డీజే పదిన్నర దాటాకే ఆగింది.

ఇక అసెంబ్లీ ఎన్నికలు. మండపం మీద కట్టిన ఫ్లెక్సీలో ఆశావహుల ముఖాల మధ్య వినాయకుణ్ని వెతుక్కోవలసి వచ్చింది. నవంబరు 30 పోలింగుకు ముందు ఒక అభ్యర్థి తరఫున బోరు మోటారు ఇస్తామన్నారు. వద్దన్నాం. దానిమీద కార్యవర్గంలో ఇద్దరు మిత్రులు మాటలు మానేశారు, ఒకరు రాజీనామా చేశారు. మోటారు మాత్రం ఇంకా పాతదే.

మసీదు సందులో దీపాల కోసం సంబంధిత కార్యాలయానికి మూడు అర్జీలు పెట్టి, చివరికి సమాచార హక్కు దరఖాస్తు వేశాం. చట్టం ముప్పై రోజులంటుంది. నలభై ఏడో రోజున “సంబంధిత విభాగానికి పంపడమైనది” అని కాగితం వచ్చింది. సందు ఇప్పటికీ చీకటే.

జమాఖర్చులు ఆడిటరు సంతకంతో నోటీసు బోర్డులో ఉన్నాయి. మిగులు స్వల్పం, బకాయిదారుల జాబితా పొడవు.

మాస్టారికి, మసీదు కమిటీ పెద్దలకు, ఆ సభ్యురాలికి, కర్రలు పట్టిన పిల్లలకు, ఆదివారం ఊరికే టీ పంపిన హోటలు యజమానికి కృతజ్ఞతలు. ఆ సమావేశానికి నలభై మందికి కబురు పెడితే వచ్చినవారు పదకొండు మంది. రానివారు వాట్సాప్‌లో మాత్రం అర్ధరాత్రి దాకా న్యాయం చెప్పారు.

హాలు కుర్చీల్లో ఆరింటి జాడ నవంబరు నుంచి కనిపించడం లేదు. ఎవరింట్లో ఉన్నా సర్వసభ్య సమావేశం లోపు తిరిగి చేర్చగలరు.

ఇట్లు,
కార్యదర్శి